అంతోనివారి ఖాళీ చెయ్యి

మాదాపూర్ సందులో నా టిఫిన్ సెంటర్‌కి వచ్చే పిల్లలకు మెడలో కార్డు వేలాడుతూ ఉంటుంది, కళ్లు ఫోనులో వేలాడుతూ ఉంటాయి. దోసె ఆలస్యమైనప్పుడే తలెత్తుతారు. అలా తలెత్తిన ప్రతివాళ్లకూ పెనం వెనక గోడకు కొట్టిన చెక్క మీద పునీత అంతోనివారి స్వరూపం కనిపిస్తుంది. మూరెడు ఎత్తు, గోధుమరంగు అంగీ, నడుముకు తాడు, ఒక చేతిలో లిల్లీ పువ్వు, రెండో చేతిలో తెరిచిన పుస్తకం. "ఎవరంకుల్ ఈయన?" అంటారు. "మీలాంటోడే. ఇంటర్వ్యూకి చదువుకుంటున్నడు. మూడు రౌండ్లు అయినయ్, ఇంకొకటి ఉంది," అంటాను. నవ్వుతారు, దోసె సంగతి మరిచిపోతారు. వెనక హాస్టల్లో ఉండే నర్సు అమ్మాయిల దగ్గర మాత్రం ఈ బేరం కుదరదు. వాళ్లలో కొందరు మావాళ్లే, కతోలికులు. ఆ పుస్తకం మీద బాలయేసు కూర్చుని ఉండాలని వాళ్లకు తెలుసు. "బాలయేసు ఏడి అంకుల్?" అని నిలదీస్తారు. "పోయాడమ్మా. లోకంలో అందరి పోయిన వస్తువులూ వెతికిపెట్టే సామి ఈయన. తన పిల్లాడు పోతే మాత్రం ముప్పై ఏళ్లుగా దిక్కులు చూస్తూ, ఇప్పుడు నా దోసెల పొగలో నిలబడ్డాడు," అంటాను. అది నా పాత జోకు. ఆరు నెలల క్రితం దాకా నాకు చాలా ఇష్టమైన జోకు కూడా.

ఆ స్వరూపం మా అమ్మది. అమ్మ పేరు ఆరోగ్యం. గుంటూరు వైపు నుంచి పని వెతుక్కుంటూ మా కుటుంబం హైదరాబాదు వచ్చినప్పుడు బియ్యం మూట నాన్న మోశాడు, గిన్నెల మూట మా లూర్దక్క మోసింది. అమ్మ మాత్రం అంతోనివారిని పాత చీరలో చుట్టి ఒళ్లో పడుకోబెట్టుకుని రైల్లో కూర్చుంది. కన్నకొడుకుని నేనుండగా ఆ బొమ్మకు ఒళ్లో చోటేమిటని నేను పెట్టెలో జనమంతా వినేలా గోల చేశానట. దాన్ని అమ్మ పెళ్లయిన కొత్తలో గుణదల కొండ కింద అంగళ్లలో కొనుక్కుంది. బాలయేసు విడిగా ఉండేవాడు, బొటనవేలంత. కింద చిన్న ఇనుప ముల్లు, పుస్తకం మీద దానికి సరిపడా బెజ్జం. దారిలో విరగకుండా విడిగా ఇస్తున్నామని అంగడివాడు చెప్పాడట. విరగకపోవడం సంగతి ఎలా ఉన్నా, ఆ ముల్లునీ బెజ్జాన్నీ చూడగానే అమ్మకు వేరే ఆలోచన వచ్చింది.

అమ్మకు అంతోనివారితో ఏదైనా పని పడితే ముందు మంగళవారం కొవ్వొత్తి వెలిగించి మర్యాదగా అడిగేది. మూడు మంగళవారాలు చూసేది. అప్పటికీ పని జరగకపోతే లేచి, పుస్తకం మీది బాలయేసును ఊడబెరికి బియ్యం డబ్బాలో పాతేసేది. "నా కోరిక తీరిస్తే నీ పిల్లాణ్ని నీకిస్తా. అందాకా బిడ్డ లేకుండా ఎట్టా ఉంటదో నువ్వూ చూడు," అనేది. ఇది మా అమ్మ కనిపెట్టింది కాదు, వాళ్ల అమ్మ నుంచి వచ్చిన విద్య. ఫాదర్ ఒకసారి విని, "ఇది ప్రార్థన కాదమ్మా, బెదిరింపు," అన్నాడు. "మీకేం తెలుసు ఫాదర్, మీకు పిల్లలా జెల్లలా," అంది అమ్మ. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. కోరిక తీరిన రోజున బాలయేసు బయటికొచ్చేవాడు. గోరువెచ్చటి నీళ్లతో తుడిచి, పుస్తకం మీద కూర్చోబెట్టి, మా చేతుల్లో తలా ఒక బెల్లంముక్క పెట్టేది. అందుకని మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమైందని అడిగేవాళ్లం కాదు. బయటి నుంచి వస్తూనే అంతోనివారి చెయ్యి వైపు చూసేవాళ్లం. పిల్లాడుంటే పని అయింది, లేకపోతే ఇంకా కాలేదు. ఈ రోజుల్లో ఫోనులో రెండు నీలం గీతలు చూసి తెలుసుకున్నట్టే.

అప్పుడు మేమున్నది ఈ సందుకు కూతవేటు దూరంలోనే. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు గుంతలు, బండరాళ్లు, ఇనుప చువ్వలు. కట్టుబడి దగ్గరే రేకుల గదుల వరస వేసి కూలీలకు ఇచ్చారు. ఒక గదికి రెండు పనిచేతులు ఉండాలని లెక్క. నాన్న తాపీ పని, అమ్మ తట్టలు మోసే పని, అలా మాకో గది. తడి సిమెంటు వాసన, కిరసనాయిలు వాసన, మధ్యాహ్నానికి రేకు కాలి వచ్చే ఒకరకమైన తుప్పు వాసన, వీటన్నిటి మధ్య మంగళవారం కొవ్వొత్తి వాసన. నాన్న పని నుంచి రాగానే గుమ్మం ముందు బండ మీద కూర్చుని కొబ్బరిపీచుతో కాళ్లకంటిన సిమెంటు గీక్కునేవాడు. ఆ చప్పుడు విని అమ్మ పొయ్యి మీద నుంచి చారు దించేది. అక్క ఇటుకల దొంతర మీద కూర్చుని చదివేది. పదో తరగతి. నాన్న కొనిచ్చిన కంపాస్ బాక్సు పక్కనే ఉండేది. దాన్ని ముట్టుకుంటే నా వేళ్లు విరుస్తానని చాలా ప్రేమగా చెప్పింది. ఆ బెదిరింపు నేను అక్షరాలా నమ్మాను, ఏనాడూ ముట్టుకోలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

నేను ఎనిమిదో తరగతి. చదువులో ముందు, అల్లరిలో ఇంకా ముందు. ఒకసారి అమ్మ గదికి కరెంటు కావాలని బాలయేసును బియ్యంలో వేసింది. నేను ఊరుకోలేక ఆయన్ని తీసి మళ్లీ పుస్తకం మీద కూర్చోబెట్టాను. అమ్మ పని నుంచి వచ్చి చూసింది, "తల్లీ మరియమ్మా!" అని కేక పెట్టింది, వరసలో అందరికీ చెప్పింది, బెల్లం పంచింది, యాదగిరి మేస్త్రీ దగ్గరికి పరుగెత్తి దండం పెట్టింది. ఆయన ఇక్కడివాడే, గదులన్నీ ఆయన చేతిలోనే ఉండేవి.

"కరెంటా? ఏం కరెంటు? నాకే లేదు, నీకేడికెళ్లి తేవాలె?" అన్నాడు మేస్త్రీ.

"మా సామి చేతికి పిల్లాడొచ్చాడయ్యా," అంది అమ్మ.

మేస్త్రీ నా మొహం చూశాడు, నా మూతికున్న బియ్యప్పిండి చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆరోగ్యమ్మా, నీ సామి గాదు, గీ పోరడు తెచ్చిండు. గీడు మస్తు షైతానున్నడు, జర భద్రం!" అప్పటి నుంచి వరసలో శౌరి అనే నా పేరుకు షైతాన్ కూడా తగిలింది. పుస్తకం మీద పిల్లాడు లేకపోతే చాలు, "ఏంది శౌరీ, మల్లెక్కడ దాచినవ్ రా?" అనేవాళ్లు.

ఆ ఏడాదే చర్చి ఆవరణలో సిస్టర్లు మాలాంటి పిల్లలకు ఒక పరీక్ష పెట్టారు. పాసైతే కోస్తా వైపు ఫాదర్ల బోర్డింగు బడిలో సీటు, తిండీ బట్టా వాళ్లదే. పరీక్ష రాసి వచ్చిన రోజు అమ్మ మూడు మంగళవారాలు కూడా ఆగలేదు. నన్ను పక్కన నిలబెట్టుకుని, నా ఎదురుగానే బాలయేసును ఊడదీసింది. "శౌరి సీటు వచ్చిందాకా నీ పిల్లాడు నీకు లేడు," అని చెప్పి బియ్యంలో వేసింది. ఆ తర్వాత నా చదువంతా ఆ చెయ్యి చూడటమే. బడి నుంచి పరుగెత్తుకొచ్చి, చెప్పులు విడవకముందే తల లోపలికి పెట్టి చూసేవాణ్ని. ఖాళీ. మళ్లీ రేపు. బోర్డింగులో మంచాలుంటాయని ఎవరో చెప్పారు. నాకొక్కడికే ఒక మంచం! అది తలుచుకుని గచ్చు మీద పడుకుని నవ్వుకునేవాణ్ని. ఈ మధ్యలో సిమెంటు దుమ్ముకు అమ్మకు ఉబ్బసం పట్టుకుంది. తట్ట మోయలేక ఇంట్లోనే ఉండిపోయింది. నాకు అదేం పెద్దగా పట్టలేదు, నా చూపంతా అంతోనివారి చేతి మీదే.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం పూజ నుంచి వచ్చాక అమ్మ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. కలబెట్టింది. డబ్బా మొత్తం చాప మీద బోర్లించింది. "బాలయేసు లేడు," అంది. నాన్న నా వైపు చూశాడు. అక్క పుస్తకం వైపు చూసింది. నేను ఒట్టు పెట్టాను, ఏడ్చాను, అంతోనివారి కాళ్లు ముట్టుకుని చెప్పాను. సెంట్రింగు చెక్కతో నాన్న కొట్టిన దెబ్బలకు నాలుగు రోజులు బెంచీ మీద సరిగ్గా కూర్చోలేకపోయాను. దెబ్బలు పోయాయి. అమ్మ అన్న మాట పోలేదు. "నువ్వు ఆయన పిల్లాడితో ఆటలాడావు కాబట్టే ఆయనకు కోపమొచ్చింది. ఇంక సీటు రాదు. ఇది నీ చేతులారా చేసుకుందే," అంది. గోడకు తిరిగి అంది. ఉబ్బసం వల్ల మాట మాటకీ ఆగుతోందనుకున్నాను.

అప్పుడు నేను చేసిన పనికి ఇప్పుడు కూడా నవ్వొస్తుంది, కాకపోతే ఈ నవ్వు మునుపటి రకం కాదు. చేయని తప్పుకి పాపసంకీర్తనం చేశాను. తప్పు ఒప్పుకుంటే అంతోనివారి కోపం తగ్గుతుంది కదా, సీటు వస్తుంది కదా అని. చర్చిలో ఫాదర్‌కీ మనకీ మధ్య ఉండే జాలీకి ఇటుపక్క మోకరించి, "బాలయేసును నేనే దాచాను ఫాదర్," అన్నాను.

"ఎక్కడ దాచావు?"

"మర్చిపోయాను ఫాదర్."

ఆయన అటుపక్క ఒకసారి దగ్గాడు. తర్వాత మూడు పరలోక జపాలు, మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నాడు. నేను ఆరూ ఆరూ చెప్పాను, లెక్కకు మించి ఉంటే మంచిదే కదా. ఇంటికి పరుగెత్తి, "సంకీర్తనం చేసేశానమ్మా. నేనే తీశానని చెప్పేశా. ఇప్పుడు సీటొస్తదా?" అని అడిగాను. అమ్మ పొయ్యి ఊదుతోంది. ఊదుతూనే ఉంది. పొయ్యి అప్పటికే మండుతోంది. ఆ పూట నా కంచంలో రెండు గుడ్లు వేసింది. మా ఇంట్లో ఒక మనిషికి రెండు గుడ్లు పడటం అదే మొదలు. నన్ను క్షమించేసిందనుకుని నేను రెండూ తిన్నాను. మర్నాడు నాన్నతో పాటు పనికి వెళ్లాను. స్లాబులకు నీళ్లు పట్టే పని. "ఇగ రెండు చేతులైనయ్. గది మీదే," అన్నాడు యాదగిరి మేస్త్రీ. ఆ మాటకు అర్థం నాకు అప్పుడు బోధపడలేదు.

అప్పుడు నేను నీళ్లు పట్టిన మేడలో ఇప్పుడు ఎన్ని వేలమంది కూర్చుని పనిచేస్తున్నారో నాకు తెలీదు. నేనైతే గేటు దాటి లోపలికి వెళ్లింది లేదు. క్యాంటీన్‌లో దోసె బాగుండదని వాళ్లే నా దగ్గరికి వస్తారు. అక్క పదో తరగతి పాసై, నర్సింగు చదివి, చందానగర్‌లో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు అయింది. పెళ్లి, ఇద్దరు పిల్లలు, ఫ్లాటు. నాకు అసూయ లేదని చెబితే మీరు నమ్మరు గానీ నిజంగానే లేదు. మా అక్క తెల్లకోటులో ఉన్న ఫోటోను నేను అరిగేలా చూపించుకు తిరిగాను. పైగా నా బతుక్కి కారణం నాకు తెలుసు కదా. నేను ఆటలాడాను, సామికి కోపమొచ్చింది, సీటు పోయింది. ఎంత కోతివాడైతే మాత్రం, తీయనివాణ్ని తీశావు తీశావు అని అందరూ అంటే కొన్నాళ్లకు నిజంగానే తీశానేమో, తీసి ఎక్కడో పెట్టి మరిచానేమో అనిపించేది. దాన్నే కథగా కట్టాను. పెళ్లిళ్లలో, బాప్తిస్మాల్లో, భోజనాలయ్యాక అందరూ చుట్టూ చేరేవాళ్లు. అమ్మ బెదిరింపు, మేస్త్రీ నవ్వు, చాప మీద బోర్లించిన బియ్యం, జాలీ వెనక ఫాదర్ దగ్గు, అన్నీ చేసి చూపించేవాణ్ని. "శౌరీ, ఆ బాలయేసు కథ చెప్పరా," అని ఎప్పుడూ ముందు అడిగేది మా అక్కే. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వేది.

అమ్మ పోయేముందు అంతోనివారిని నాకిచ్చింది. "ఇది నీకే రా. అక్కకొద్దు," అంది. నా మీద ప్రేమ అనుకున్నాను. "నా మీద కోపం లేదుగా శౌరీ?" అని కూడా అడిగింది. "కోపమా, ఆ కారమంతా దోసెల మీదే ఉంది గానీ నీ మీద లేదు," అన్నాను. నవ్వబోయి దగ్గింది. అమ్మ పోయి తొమ్మిదేళ్లు.

ఆరు నెలల క్రితం అక్కావాళ్లు గచ్చిబౌలిలో పదిహేనో అంతస్తులో కొత్త ఫ్లాటుకి మారారు. సామాను సర్దడానికి సెంటర్ మూసేసి నేనే వెళ్లాను. బావ లారీవాళ్లతో కింద ఉన్నాడు. అక్క వంటింట్లో గ్లాసులకు పేపర్లు చుడుతోంది. నేను బీరువా ఖాళీ చేస్తున్నాను. పై అరలో పట్టుచీరల కింద కంపాస్ బాక్సు దొరికింది. రంగు పోయింది, మూత మీద సొట్ట మాత్రం అలాగే ఉంది. "అక్కా, వేళ్లు విరిచే పెట్టె ఇంకా దాచుకున్నావే!" అని అరిచి, ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి ముట్టుకున్నాను, తెరిచాను. విరిగిన కోణమానిని. దూదిలో చుట్టిన బొటనవేలంత బాలయేసు. బుగ్గల మీద ఎరుపు కూడా చెదరలేదు.

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో గ్లాసు, గ్లాసుకు సగం పేపరు.

"ఇదేందక్కా?"

"కూర్చో శౌరీ."

"నిలబడే వింటా. చెప్పు."

చెప్పింది. సిస్టర్ల దగ్గర్నుంచి ఉత్తరం ఆ ఆదివారానికి ముందు శుక్రవారమే వచ్చింది. అప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లలో చదవడం వచ్చినది తనకే కాబట్టి పొయ్యి దగ్గర అమ్మకు చదివి వినిపించింది. నాకు సీటు వచ్చింది. అమ్మ ఏడ్చి, బాలయేసును బియ్యంలోంచి తీసి, నీళ్లతో తుడిచింది. అంతోనివారి చేతిలో పెట్టబోతుండగా నాన్న వచ్చాడు. రెండో పనిచెయ్యి చూపించకపోతే గది ఖాళీ చేయాలని మేస్త్రీ చెప్పాడట. అమ్మ బాలయేసును పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత అక్క చేతిలో పెట్టి, మూసి, "నీ పెట్టెలో దాచు. అదొక్కటే వాడు ముట్టడు," అంది.

"మళ్లీ బియ్యంలోనే వేస్తే సరిపోయేది కదా. సీటు రాలేదని నేనే అనుకునేవాణ్ని. ఆ దెబ్బలు లేకుండా పోయేవి."

"నేనూ అదే అన్నాను రా. అట్టా పెడితే అంతోనివారు ఇచ్చినా ఇవ్వలేదని ఆయనకే అబద్ధం చెప్పినట్టు అవుద్దంట. పోయాడంటే దేవుడికి అబద్ధం చెప్పినట్టు కాదంట."

"నాకైతే అబద్ధం చెప్పొచ్చన్నమాట."

అక్క గ్లాసును పక్కన పెట్టింది, పేపరు చేతిలోనే ఉండిపోయింది.

"నువ్వన్నా చదువు మానతానని అనలేదా అక్కా?"

చాలాసేపు పేపరు నలిపింది. "అనాలనుకున్నా," అంది.

మా అక్క నిజాయితీ నాకు తెలుసు. అన్నానని చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్నే. చెప్పలేదు. అందుకు మెచ్చుకోవాలో ఏం చేయాలో తెలియలేదు. "అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా," అన్నాను. "అమ్మ ఒట్టేయించుకుంది రా," అంది. ఒట్టు సంగతి సరే. పదహారేళ్ల పిల్ల, ఇంట్లో ఉబ్బసం, నెత్తి మీద రేకు పోతుందన్న భయం, అదీ సరే. అమ్మ సంగతి కూడా ఏదో ఒకరోజు సరే అంటానేమో. నేను అడగాలనుకున్నది వేరే.

"ఆ కథ చెప్పరా అని నువ్వే అడిగేదానివి కదక్కా. నేను దెబ్బలు తిన్నది చేసి చూపిస్తుంటే అందరికంటే ఎక్కువ నవ్వేదానివి. ఈయన అప్పుడు ఈ బీరువాలోనే ఉన్నాడు కదా."

"నువ్వు నవ్వుతూ చెబుతుంటే నీకు బాధ పోయిందనుకునేదాన్ని రా. పోయిందో లేదో చూసుకోడానికే మళ్లీ మళ్లీ అడిగేదాన్ని."

బాలయేసును జేబులో వేసుకున్నాను. మిగతా సామానంతా సర్దాను. గాజుగ్లాసులు ఒక్కటీ పగలనివ్వలేదు. లారీ ఎక్కించి, బావకు చెప్పి, మెట్రో ఎక్కి వచ్చేశాను.

సెంటర్‌కి వచ్చి స్టూలు ఎక్కాను. పుస్తకం మీది బెజ్జం ఇన్నేళ్ల నూనె జిడ్డుతో పూడిపోయింది. పిన్నీసుతో గీకి, గుడ్డతో తుడిచి, బాలయేసు ముల్లును అందులో పెట్టాను. సరిగ్గా కూర్చున్నాడు. అంతోనివారి మొహం మారుతుందేమోనని కాసేపు చూశాను. మారలేదు, ఆయన ఎప్పుడూ అలాగే కొంచెం పక్కకు చూస్తాడు. అప్పుడు నాకు మా ఇంటి పద్ధతి గుర్తొచ్చింది. అడిగింది జరిగిన రోజునే కదా పిల్లాడు చేతిలోకి రావాలి. సీటు అడిగింది అమ్మ, ఇచ్చింది ఆయన, ఆ లెక్క వాళ్లిద్దరి మధ్య ఏనాడో తీరిపోయింది. నేను ఆయన్ని ఇంతవరకూ ఏమీ అడగనేలేదు. బాలయేసును మళ్లీ ఊడదీశాను. నాకు కావలసింది ఏమిటో మర్యాదగానే చెప్పాను. మా అక్క నవ్వితే మళ్లీ నాకు నవ్వు రావాలి. అంతే. చెప్పి, ఆయన్ని ఉప్మారవ్వ డబ్బాలో దింపి మూత పెట్టాను.

ఇప్పుడు అక్క ప్రతి మంగళవారం డ్యూటీకి వెళ్లేముందు మెట్రో దిగి నా దగ్గరికి వస్తుంది. ఇంతకుముందు వచ్చేది కాదు, నేనే వెళ్లేవాణ్ని. వచ్చీరాగానే నన్ను పలకరించదు. మెడకార్డుల పిల్లల మధ్య నిలబడి, చెప్పుల దుమ్మైనా దులుపుకోకముందే తలెత్తి, పెనం వెనక అంతోనివారి ఖాళీ చెయ్యి వైపు చూస్తుంది, చిన్నప్పుడు రేకుల గది గుమ్మంలో నేను చూసినట్టే.

"పిల్లాడు ఇంకా రాలేదా శౌరీ?" అంటుంది.

"ఇంకా రాలేదక్కా," అంటాను. ప్లేటులో రెండు ఇడ్లీలు పెట్టి, తనకిష్టమైన పల్లీ చట్నీ కొంచెం ఎక్కువే వేసి ఇస్తాను. అక్క అలాగే నిలబడి తింటుంది. నేను పెనం వైపు తిరుగుతాను.